అరవై దాటాక మైగ్రేన్: గుండె, బీపీ, కిడ్నీ చూసుకుని ఏ గోలి ఎంచుకోవాలి?

మా అమ్మకు ఒక్క దిక్కు తలకాయ నొప్పి పెళ్లి కాకముందు నుంచే ఉంది. నొప్పి లేచిందంటే కిటికీలు మూసి, తలకు తువ్వాల బిగించి కట్టుకుని, పక్కన ఒక గిన్నె పెట్టుకుని పడుకునేది. మేం పిల్లలం చప్పుడు కాకుండా వాకిట్లో ఆడుకునేవాళ్లం. ముప్పై ఏళ్లుగా ఆమె వాడింది ఒకే గోలి. మా వీధి చివర మెడికల్ షాపులో చీటీ కూడా అడగరు, ఆమె మెట్లెక్కుతుంటేనే స్ట్రిప్పు తీసి కౌంటర్ మీద పెట్టేవారు.

నిరుడు ఛాతీలో పట్టేసినట్టు అయితే యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు. ఇంటికొచ్చిన రెండో వారంలో మళ్లీ తలనొప్పి. చెయ్యి దానంతటదే పాత డబ్బా మీదికి పోయింది. గుండె డాక్టరు ఇచ్చిన చీటీలో ఆ గోలి ముచ్చటే లేదు, ఎందుకంటే ఆమెకు మైగ్రేన్ ఉందని మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. స్ట్రిప్పు తిప్పి చూస్తే ఎర్గోటమైన్ అని రాసి ఉంది. రక్తనాళాలను బిగబట్టే మందు అది. స్టెంట్ పడిన మనిషి ముట్టుకోకూడనిది.

ఏ గోలికి నొప్పి తొందరగా తగ్గుతుందో అప్పటిదాకా మాకు తెలుసు, ఏ గోలి ఈ ఒంటికి పడుతుందో మాత్రం తెలియదు. అరవై దాటాక చూడాల్సింది ఈ రెండోదే. నేను డాక్టర్‌ని కాను, హన్మకొండలో అమ్మ గోలీల లెక్క చూసుకునే కొడుకును. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏ మందు పేరు వింటే ఆగి ఇంకో మాట అడగాలో తెలియడం కోసం ఇది రాస్తున్నా. చదివి సొంతంగా గోలి మార్చుకోవడం కోసం కాదు.

## అసలు మైగ్రేనేనా? ముందు అది తేల్చండి

మైగ్రేన్ ఎక్కువగా చిన్న వయసులో మొదలవుతుంది, వయసు పైబడేకొద్దీ పలచబడుతుంది. ఆడవాళ్లలో ముట్టు ఆగాక చాలామందికి బాగా తగ్గిపోతుంది. కాబట్టి యాభై దాటాక జీవితంలో మొదటిసారి తలనొప్పి పట్టుకుంటే, లేదా పాత నొప్పే కొత్త తీరుగా వస్తుంటే, దాన్ని మైగ్రేన్ అనుకుని గోలి వెతకడం తప్పు దారి. ముందు వేరే కారణాలు లేవని చూడాలి.

- కణతల దగ్గర నొప్పి, దువ్వెన పెడితే మాడు నొచ్చడం, అన్నం నములుతుంటే దవడ లాగడం. ఇది జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అనే రక్తనాళాల వాపు కావచ్చు. మన దగ్గర అరుదే, కానీ ఆలస్యమైతే చూపు పోతుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే మామూలు రక్తపరీక్షలతో అనుమానం బయటపడుతుంది.
- బాత్రూంలో జారి పడి తలకు చిన్న దెబ్బ తగిలింది, అప్పుడేం కాలేదు, రెండు మూడు వారాలకు నొప్పి, మత్తు, నడక తడబాటు మొదలయ్యాయి. రక్తం పల్చబడే గోలీలు వాడేవాళ్లలో ఇలా మెదడు పైపొరల్లో రక్తం నిదానంగా చేరుతుంది. సీటీ స్కాన్ తీయించాలి.
- కన్ను ఎర్రబడి, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనబడి, వాంతులు అవుతుంటే కంటి దవాఖానకు అదే రోజు పోవాలి. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా కావచ్చు.
- నిమిషంలోపు పిడుగు పడ్డట్టు లేచిన తలనొప్పి అయితే ఆలోచించే పనే లేదు, 108కి ఫోన్ చేయడమే.

ఇంకొకటి చాలామందికి తట్టదు. తలనొప్పికి కారణం గోలీల డబ్బాలోనే ఉండొచ్చు. ఛాతీనొప్పికి ఇచ్చే ఐసోసార్బైడ్ లాంటి నైట్రేట్లు, కాళ్ల రక్తనాళాలకు ఇచ్చే సిలోస్టజోల్ తలనొప్పి తెప్పిస్తాయి, బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ కూడా కొందరికి తెప్పిస్తుంది. కొత్త గోలి మొదలైన తేదీ, నొప్పి పెరిగిన తేదీ పక్కపక్కన రాసి చూడండి.

ఇక మన ఇళ్లల్లో అందరి నోట్లో ఉండే మాట, "తలకాయ నొస్తుంది, బీపీ పెరిగినట్టుంది". 150 కో 160 కో పెరిగిన బీపీ మామూలుగా తలనొప్పి తేదు. నొప్పికే బీపీ పెరుగుతుంది. ఈ తికమకలో ఇంకో బీపీ గోలి అదనంగా వేసుకుని, రాత్రి లేచేటప్పుడు కళ్లు తిరిగి పడినవాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు. బీపీ 180/120 దాటి, దానితో పాటు చూపు మసకబారడం, అయోమయం, ఛాతీనొప్పి ఉంటే మాత్రం వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

## ఏ లెక్కన చూడాలి

అన్నిటికంటే ముందు రక్తనాళాల చరిత్ర. గుండెపోటు, స్టెంట్, బైపాస్, పక్షవాతం, వచ్చి పోయిన చిన్న పక్షవాతం, నడిస్తే పిక్కలు పట్టేయడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సగం మందులు అక్కడికక్కడే పక్కకు పోతాయి. తర్వాత బీపీ, నాడి. నాడి నిమిషానికి 55 కొట్టే మనిషికీ 85 కొట్టే మనిషికీ ఒకే గోలి కుదరదు. మూడోది కిడ్నీ, అంటే క్రియాటినిన్ రిపోర్టు, అదీ ఈ ఆర్నెల్లలో చేయించింది. నాలుగోది తూలడం, మతిమరుపు, మూత్రం ఆగడం, మలబద్ధకం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ డెబ్బై ఏళ్ల మనిషి తుంటి విరిగేది వీటివల్లే. ఐదోది ఇప్పటికే మింగుతున్న మిగతా గోలీలు.

నెలకు ఎన్ని రోజులు నొప్పి వస్తుందనేది దీనికి వేరే లెక్క. ఒకటి రెండు రోజులైతే నొప్పి వచ్చినప్పుడు వేసుకునే గోలి చాలు. నాలుగు, ఐదు రోజులు దాటుతుంటే రాకుండా రోజూ వేసుకునే మందు గురించి మాట్లాడాలి.

## నొప్పి లేచినప్పుడు వేసుకునేవి

| మందు | గుండె, రక్తనాళాలు | బీపీ, కిడ్నీ | పెద్దవాళ్లలో మిగతా ఇబ్బంది |
|---|---|---|---|
| పారాసిటమాల్ | ఎప్పుడో ఒకసారికి భయం లేదు | రోజూ పెద్ద మోతాదైతే బీపీ కొంచెం పెరుగుతుంది | మందు తాగేవాళ్లకు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకు జాగ్రత్త |
| నాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ | గుండెజబ్బు ఉంటే వద్దు | బీపీ పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి | కడుపులో పుండు, రక్తస్రావం |
| సుమట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ | గుండెజబ్బు, పక్షవాతం ఉంటే నిషేధం | అదుపులో లేని బీపీకి నిషేధం | ఛాతీ, గొంతు బిగుతు |
| ఎర్గోటమైన్ | పై వాటికంటే కఠిన నిషేధం | బీపీ ఉంటే నిషేధం | వాంతి, వేళ్లు చల్లబడడం, వేరే మందులతో ప్రమాదం |
| డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ | డోంపెరిడోన్‌తో గుండె లయ తప్పే వీలు | కిడ్నీ బలహీనమైతే మోతాదు తగ్గించాలి | మెటోక్లోప్రమైడ్‌తో వణుకు, బిగుసుకుపోవడం |
| రిమెజెపాంట్ | నాళాలను బిగించదు | బీపీ చూసుకుంటుండాలి | ఖరీదు, పెద్దవాళ్లలో అనుభవం తక్కువ |

పారాసిటమాల్‌ను చులకనగా చూస్తాం, జ్వరం గోలి అని. కానీ స్టెంట్ పడ్డవాళ్లకు మొదటి మెట్టు ఇదే. దీని కిటుకు ఎప్పుడు వేసుకున్నారనే దాంట్లో ఉంది. నొప్పి ముదిరి వాంతి మొదలయ్యాక కడుపు కదలదు, గోలి అక్కడే కూర్చుంటుంది. నొప్పి లేస్తుందని తెలిసిన మొదటి అరగంటలో వేసుకుంటే పనిచేసేది, "కొంచెం చూద్దాం" అనుకుని రెండు గంటలకు వేసుకుంటే పనిచేయదు, అప్పుడు గోలినే తిడతాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజు హద్దు 4 గ్రాములు. వయసు మళ్లి బక్కగా ఉన్నవాళ్లకు డాక్టర్లు 3 గ్రాములు లేదా అంతకంటే తక్కువకే ఆపుతారు. జలుబు గోలీల్లోనూ ఇదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి లెక్కేయండి. బీపీ ఉన్నవాళ్లకు రెండు వారాల పాటు రోజూ 4 గ్రాములు ఇచ్చి చూసిన ఎడిన్‌బరో పరిశోధన ఒకటి 2022లో వచ్చింది, పై బీపీ సుమారు 5 పాయింట్లు పెరిగింది. రోజూ మింగేవాళ్లకు అది హెచ్చరిక, నెలకు రెండుసార్లు వేసుకునేవాళ్లు బెంగపడక్కర్లేదు.

నొప్పి గోలీల దగ్గర, అంటే నాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన దిక్కు అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. మోకాళ్లకు డైక్లోఫెనాక్, తలకు నాప్రోక్సెన్, ఒళ్లు నొప్పులకు ఊర్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సూది. ఇవన్నీ ఒకే జాతి మందులని వేసుకునేవాళ్లకు తెలియదు. ఈ జాతి బీపీని పెంచుతుంది, ఒంట్లో నీరు ఆపుతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు కాళ్లవాపు, ఆయాసం తెస్తుంది. గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ వాడొద్దని యూరప్ నియంత్రణ సంస్థ 2013లోనే చెప్పింది. నాప్రోక్సెన్ వీటిలో గుండెకు కొంచెం నయం అంటారు, కానీ కడుపుకు, కిడ్నీకి నయం కాదు.

మన దగ్గర టెల్మిసార్టాన్‌తో పాటు నీళ్లు తీసే మందు కలిపిన బీపీ గోలి ఇంటింటా ఉంది, పేరు చివర హెచ్ అని ఉంటుంది. ఆ రెండిటికీ ఈ నొప్పి గోలి మూడోదిగా తోడైతే కిడ్నీకి రక్తం అందడం బాగా తగ్గిపోతుంది. దానికి మే నెల ఎండ కలపండి, మిర్చి కల్లం దగ్గర పొద్దంతా నిలబడి నీళ్లు సరిగా తాగని మనిషిని ఊహించుకోండి. క్రియాటినిన్ ఒక్క వారంలో పెరగడానికి అంతకంటే ఏం కావాలి? ఇంకో మాట, గుండెకు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రోజూ వేసుకునేవాళ్లు ఐబుప్రొఫెన్ తరచుగా వాడితే ఆస్పిరిన్ పనికి అడ్డం పడుతుంది.

ట్రిప్టాన్లు మైగ్రేన్ కోసమే తయారైన మందులు, మొదటిది సుమట్రిప్టాన్, 1990ల మొదట్లో బజారుకు వచ్చింది. కుదిరినవాళ్లకు గంట రెండు గంటల్లో లేచి పని చేసుకునేంత గుణం ఇస్తాయి. కానీ మెదడు నాళాలతో పాటు గుండె నాళాలనూ కొంత బిగిస్తాయి. వయసు 65 దాటినంత మాత్రాన నిషేధం లేదు. అయితే వీటి మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా ఉన్నది అంతకంటే చిన్నవాళ్లే. కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బీడీ వీటిలో రెండు మూడు కలిసి ఉన్నవాళ్లు ఈసీజీ, అవసరమైతే ఇంకా లోతు పరీక్షలు చేయించుకున్నాకే మొదలుపెట్టాలి. ప్రొప్రనొలాల్ వాడేవాళ్లకు రిజాట్రిప్టాన్ ఇస్తే ఒక్కసారికి 5 మిల్లీగ్రాములు మించకూడదు, ఎందుకంటే ప్రొప్రనొలాల్ దాని మోతాదును రక్తంలో పెంచుతుంది. ఇది షాపులో చెప్పరు.

ఎర్గోటమైన్ గురించి నా మాట సూటిగా: అరవై దాటిన ఇంట్లో ఆ స్ట్రిప్పు ఉండకూడదు. కెఫీన్, పారాసిటమాల్, వాంతి మందుతో కలిపి గోలీగా దొరుకుతుంది కాబట్టి పేరు చూసి గుర్తుపట్టలేం, వెనక సన్న అక్షరాలు చదవాలి. గుండె, కాళ్ల నాళాలు బిగుసుకుపోతాయి. పైగా గొంతునొప్పికో దగ్గుకో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఇచ్చిన వారంలో ఇది పడితే కాలివేళ్లు నల్లబడేంత దాకా పోవచ్చు. ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటల్లోపు కూడా ఇది వేసుకోకూడదు.

వాంతి మందులను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాప్రోక్సెన్‌తో డోంపెరిడోన్ కలిపిన గోలి మన దగ్గర మైగ్రేన్‌కు బాగా రాస్తారు. అరవై దాటిన వాళ్లలో, ముఖ్యంగా రోజుకు 30 మిల్లీగ్రాములు మించితే, డోంపెరిడోన్ గుండె లయను చెడగొట్టే ముప్పు పెరుగుతుంది. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ రోజుల తరబడి వాడితే చేతులు వణుకుతాయి, నడక కుంచించుకుపోతుంది. దాన్ని పార్కిన్‌సన్ అనుకుని దానికి ఇంకో మందు మొదలుపెట్టడం కూడా జరుగుతుంది.

కొత్తవాటి గురించి క్లుప్తంగా. రిమెజెపాంట్ 75 మిల్లీగ్రాముల గోలి, నోట్లో కరిగిపోతుంది, అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. నాళాలను బిగించదు కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఆశ చూపిస్తోంది, కానీ ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లను దాని పరీక్షల్లో చేర్చలేదు. లాస్మిడిటాన్ కూడా బిగించదు, కాకపోతే వేసుకున్నాక 8 గంటలు బండి నడపొద్దంటారు, అంత మత్తు, తూలు. పెద్దవాళ్ల చేతికి అది ఇవ్వాలంటే నాకు భయమే.

## రాకుండా రోజూ వేసుకునేవి

| మందు | ఎవరికి కలిసొస్తుంది | ఎవరికి వద్దు |
|---|---|---|
| ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్ | నాడి వేగం ఎక్కువ ఉన్నవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు | ఆస్తమా, నాడి బాగా తక్కువ, హార్ట్ బ్లాక్ |
| క్యాండెసార్టాన్ | బీపీ, షుగర్ ఉన్నవాళ్లు | పొటాషియం ఎక్కువ, బీపీ ముందే తక్కువ |
| అమిట్రిప్టిలిన్ | నిద్రపట్టని, కొంచెం చిన్న వయసువాళ్లు | ప్రోస్టేట్, గ్లకోమా, మతిమరుపు, గుండె లయ తేడా |
| ఫ్లూనరిజిన్ | తక్కువ కాలానికి, జాగ్రత్తగా | వణుకు, దిగులు ఉన్నవాళ్లు |
| టోపిరామేట్ | బరువు ఎక్కువున్నవాళ్లు | కిడ్నీ రాళ్లు, గ్లకోమా, మాట వెతుక్కునేవాళ్లు |
| సీజీఆర్‌పీ సూదులు (మైగ్రేన్ నొప్పిని రేపే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునేవి) | మిగతావన్నీ విఫలమైనవాళ్లు | ఈమధ్యే గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు |

నా దృష్టిలో అసలు పోటీ మొదటి రెండిటి మధ్యే.

బీటా బ్లాకర్లు, అంటే ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్, పాత నమ్మకస్తులు. గుండెపోటు వచ్చినవాళ్లలో చాలామందికి మెటోప్రొలాల్ రాస్తారు, అదే మైగ్రేన్‌ను కూడా ఆపుతుంది, అంటే ఒక గోలికి రెండు పనులు. కానీ ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ కుదరదు. షుగర్‌కు ఇన్సులిన్ వేసుకునేవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకుండా చేస్తుంది, చెమట మాత్రం పడుతుంది, దాన్ని గుర్తుగా పెట్టుకోవాలి. వెరపమిల్, డిల్టియాజెమ్‌లతో కలిస్తే నాడి ప్రమాదకరంగా పడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, గోలీలు అయిపోయాయని, పండక్కి ఊరికి పోతూ మరిచామని ఒక్కసారిగా ఆపకూడదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఛాతీనొప్పి తిరగబెడుతుంది.

క్యాండెసార్టాన్ టెల్మిసార్టాన్‌కు తోబుట్టువు లాంటి బీపీ మందు. నార్వేలో 2003లో 60 మందితో, 2014లో 72 మందితో దీన్ని పరీక్షించారు. రోజుకు 16 మిల్లీగ్రాముల క్యాండెసార్టాన్, 160 మిల్లీగ్రాముల ప్రొప్రనొలాల్‌కు దీటుగా మైగ్రేన్ రోజులను తగ్గించింది. చిన్న పరీక్షలే, అందులో ఉన్నవాళ్లూ 65 లోపువాళ్లే, అది ఒప్పుకోవాలి. అయినా నాకు ఇది నచ్చడానికి కారణం వేరే ఉంది. ఎలాగూ టెల్మిసార్టాన్ వాడుతున్న మనిషి డాక్టర్‌ను అడిగి దాని బదులు క్యాండెసార్టాన్‌కు మారితే, రోజు గోలీల సంఖ్య ఒక్కటి కూడా పెరగకుండా మైగ్రేన్‌కు మందు దొరికినట్టే. టెల్మిసార్టాన్‌కు మైగ్రేన్ విషయంలో అంత గట్టి రుజువు లేదు. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోవద్దు. మొదలుపెట్టిన రెండు వారాల లోపు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించాలి. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ కొబ్బరినీళ్లు, సోడియం తక్కువని అమ్మే ప్రత్యేక ఉప్పు రెండూ మానాలి, రెండిటిలోనూ పొటాషియం ఎక్కువ. క్యాండెసార్టాన్ అన్ని షాపుల్లో ఉండకపోవచ్చు, ముందే చెప్పి పెడితే తెప్పిస్తారు.

అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో చవక, రాత్రి మంచి నిద్ర. కానీ డెబ్బై ఏళ్ల బాపుకు ప్రోస్టేట్ ఉంటే మూత్రం ఆగిపోయి రాత్రికి రాత్రి దవాఖానకు పరిగెత్తాల్సి వస్తుంది. నోరెండడం, మలబద్ధకం, అయోమయం, తెల్లవారుజామున లేచి పడిపోవడం, వీటివల్ల పెద్దవాళ్లకు వీలైనంత వరకు ఇవ్వొద్దనే మందుల జాబితాలో ఇది ఉంది. ఫ్లూనరిజిన్ మన దగ్గర రాత్రి ఒకటి అని చాలా తేలిగ్గా రాసేస్తారు, ప్రొప్రనొలాల్‌తో కలిపిన క్యాప్సూల్ కూడా ఉంది. పెద్దవాళ్లలో వణుకు, దిగులు, బరువు తెస్తుంది. ఆపాక కూడా ఆ వణుకు పోవడానికి నెలలు పడుతుంది. ఏళ్ల తరబడి అదే చీటీ మీద వాడుతున్నవాళ్లు ఈసారి పోయినప్పుడు తప్పకుండా అడగండి, ఇంకా అవసరమా అని.

టోపిరామేట్ బరువు తగ్గిస్తుంది, కానీ తెలిసిన మాట నోటికి రాదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కిడ్నీలో రాళ్లు చేస్తుంది, కొందరిలో చెమట తగ్గిస్తుంది. ఓరుగల్లు ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగే మనిషికి ఈ రెండూ కలిసి రావడం నాకు సుతరామూ నచ్చదు.

సీజీఆర్‌పీ సూదుల్లో మొదటిది ఎరెనుమాబ్, 2018లో వచ్చింది. దానివల్ల బీపీ పెరగొచ్చని 2020లో అమెరికాలో హెచ్చరిక చేర్చారు, మలబద్ధకం మీద అంతకుముందే చేర్చారు. ఇది న్యూరాలజిస్ట్ స్థాయిలో తేలాల్సిన మాట, ఖర్చు కూడా ఇంటి బడ్జెట్ చూసి మాట్లాడాల్సినంత.

## మీరు ఎవరైతే ఏది

బీపీ మాత్రమే ఉంది, అదుపులోనే ఉంది, గుండె, కిడ్నీ బాగున్నాయి అంటే మీకు దారులు చాలా ఉన్నాయి. నొప్పికి పారాసిటమాల్, చాలకపోతే డాక్టర్ ఒప్పుకుంటే ట్రిప్టాన్, నెలకు నాలుగైదుసార్లు దాటితే క్యాండెసార్టాన్.

స్టెంట్, బైపాస్, గుండెపోటు, పక్షవాతం ఏదున్నా ట్రిప్టాన్, ఎర్గోటమైన్ రెండూ మరిచిపోండి, నొప్పి గోలీలకు దూరంగా ఉండండి. పారాసిటమాల్, ఇప్పటికే ఉన్న మెటోప్రొలాల్‌ను సరైన మోతాదుకు తేవడం, ఆ తర్వాతే మిగతావి. ఇక్కడ నొప్పి పూర్తిగా పోవాలని పట్టుబడితే చిక్కే. గంటలో పోయే నొప్పి నాలుగు గంటలకు పోయినా ఆ తేడాను భరించడం గుండెపోటు కంటే మేలు.

షుగర్, క్రియాటినిన్ పెరిగినవాళ్లకు నొప్పి గోలీలు పూర్తిగా బంద్. క్యాండెసార్టాన్ మంచిదే కానీ రక్తపరీక్ష లేకుండా కాదు. మెగ్నీషియం గోలీలు మైగ్రేన్‌కు కొంత పనిచేస్తాయి, కానీ కిడ్నీ బలహీనంగా ఉంటే ఒంట్లో పేరుకుంటాయి.

బీడీ, చుట్ట తాగేవాళ్లకు, గుట్కా నమిలేవాళ్లకు: పొగతాగే అలవాటు, ఆరాతో (నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలతో) వచ్చే మైగ్రేన్ రెండూ కలిస్తే పక్షవాతం ముప్పు బాగా పెరుగుతుంది. గుట్కా, జర్దాలో పొగ లేదని సంబరపడొద్దు, గుండెకు అవీ చేటే. ఏ గోలి ఎంచుకున్నా జేబులోంచి ముందు తీసేయాల్సింది బీడీ కట్టే.

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, నర్సంపేట దిక్కో పరకాల దిక్కో ఊర్లో ఒక్కరే ఉండే పెద్దవాళ్లకు నేనైతే మత్తు తెచ్చే ఏ మందూ వద్దంటా. కొంచెం నొప్పి మిగిలినా పరవాలేదు, పడిపోతే లేపే మనిషి లేడు.

## ఆరానా, పక్షవాతమా

కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, గళ్లు గళ్లుగా వెలుగు వస్తుంది, దాన్నే ఆరా అంటారు. పెద్ద వయసులో నొప్పి లేకుండా ఆరా ఒక్కటే రావచ్చు. ఇక్కడే భయం, ఎందుకంటే చూడ్డానికి చిన్న పక్షవాతంలా ఉంటుంది.

ఆరా మెల్లగా పాకుతుంది. ఐదు నిమిషాలకు పైగా పట్టి పెరుగుతుంది, మామూలుగా గంటలోపు పోతుంది, లేనిది కనిపిస్తుంది, అంటే వెలుగులు, గీతలు, చీమలు పాకినట్టు. పక్షవాతం ఒక్కసారిగా వస్తుంది, ఉన్నది పోతుంది, అంటే చూపు, మాట, చేతిలో పట్టు. ఈ తేడా డాక్టర్‌కు చెప్పడానికి పనికొస్తుంది, ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి కాదు. జీవితంలో మొదటిసారి ఇలా వస్తే, లేదా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108 పిలవండి, ఎప్పుడు మొదలైందో టైం చూసి చెప్పండి. రక్తపు గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మేడారం దిక్కు నుంచి వరంగల్ రావడానికే ఎంతసేపు పడుతుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. "చాయ్ తాగి, బామ్ రాసుకుని చూద్దాం" అన్న అరగంట అందులోంచే పోతుంది.

## సంచీ, క్యాలెండర్

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు పేర్లు రాసుకుని పోవద్దు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక క్యారీ బ్యాగులో వేసుకుని పోండి, ఆయుర్వేదం చూర్ణం, మోకాళ్ల గోలీలు, పక్కింటావిడ ఇచ్చినవి అన్నీ. గుండె డాక్టర్ ముందూ, తలకాయ డాక్టర్ ముందూ అదే సంచీ గుమ్మరించండి. మాకు ఆ ఒక్క పని చేస్తే ఒకే జాతి నొప్పి గోలీలు మూడు బయటపడ్డాయి.

గోడ క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన రోజు గీత, గోలి వేసుకున్న రోజు సున్నా పెట్టండి. ట్రిప్టాన్, ఎర్గోటమైన్, రెండు మూడు మందులు కలిపిన గోలీలు నెలకు 10 రోజులు, మామూలు పారాసిటమాల్ లాంటివి 15 రోజులు చొప్పున మూడు నెలలు దాటితే గోలీయే తలనొప్పి తెస్తుంది. సున్నాలు పెరుగుతున్న కొద్దీ గీతలూ పెరుగుతుంటే అదే జరుగుతోందని అనుమానించాలి. ఆ క్యాలెండర్‌లోనే మాకు ఇంకోటి తెలిసింది: ఏకాదశి ఉపవాసం, బతుకమ్మ రోజుల్లో ఆలస్యంగా తిన్న అన్నం, ఎండలో బస్సు ప్రయాణం, ఈ మూడింటి మర్నాడు తప్పకుండా గీత ఉంది. ఉపవాసం రోజు పండు, మజ్జిగ టైంకు తీసుకుంటే ఒక గోలి మిగిలింది.

అమ్మకు ఇప్పుడు నడుస్తున్నది మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్ బదులు క్యాండెసార్టాన్, నొప్పి లేచిన మొదటి అరగంటలో పారాసిటమాల్, తువ్వాల. నెలకు ఆరేడుసార్లు వచ్చేది రెండు మూడుకు దిగింది, వచ్చినప్పుడు మాత్రం పాత గోలి అంత తొందరగా తగ్గట్లేదని గొణుగుతూనే ఉంటుంది. మొన్న ఆ షాపు మెట్లెక్కగానే కుర్రాడు అలవాటుగా పాత స్ట్రిప్పు తీసి పెట్టాడట. "అది వద్దు బిడ్డా, జ్వరం గోలీలు ఇయ్యి" అంటే, "తలనొప్పికి అవేం పనిచేస్తయమ్మా" అన్నాడట.